వంతు తప్పని పెంగ్విన్లు

మా ఆయన లయొనెల్‌లో లోపం ఒక్కటే. దేవుడు గుమ్మం ముందుకు పంపిన భాగ్యాన్ని గుర్తుపట్టలేడు. పెంగ్విన్లు వచ్చి పెరట్లో కాపురం పెడితే ఎవరైనా మురిసిపోతారు. ఈయన కంచె కట్టాడు!

దక్షిణాఫ్రికా సముద్రపు ఒడ్డున ఉన్న మా సైమన్స్ టౌన్‌కి పెంగ్విన్లే పీడ అంటారు కొందరు. నేనొప్పుకోను. తెల్లారకముందే గాడిదల్లా ఓండ్ర పెడతాయి, నిజమే. అందుకే మా వీధిలో బద్ధకస్తుడన్నవాడు లేడు! వాటి రెట్ట వాసనకి చుట్టాలు రెండో కప్పు టీ అడక్కుండానే లేస్తారు. ఇంత ఉపకారం ఇంకే పక్షి చేస్తుంది? కారు తీసేముందు కింద పెంగ్విన్ పడుకుందేమోనని మగాళ్లంతా మోకాళ్ల మీద కూర్చుని తొంగి చూడాలి. చర్చిలో కూడా వంగని మోకాళ్లవి!

ఒడ్డున పెంగ్విన్లను చూడ్డానికొచ్చే యాత్రికులు దారి తప్పి మా గేటు దగ్గర ఫొటోలు తీసుకుంటారు. ఓసారి బట్టలారేస్తున్న నన్ను కూడా తీశారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో లయొనెల్‌కి తట్టని ఆలోచన అది.

ఈ ఏడాది ఒక జంట మా హైడ్రేంజియా పూలపొద కింద రెండు గుడ్లు పెట్టింది. ఒకటి పొదుగుతుంటే రెండోది సముద్రానికి పోయి చేపలు తిని వస్తుంది. రాగానే వంతు మారుతుంది. ఏది తండ్రో, ఏది తల్లో నాకిప్పటికీ తెలియదు. ఇద్దరూ ఒకే పని చేస్తుంటే ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో అయితే చూడగానే తెలిసిపోతుంది.

మొన్న శనివారం పొద్దున లయొనెల్ పెరటి చుట్టూ ఇనుప వల బిగించాడు.

"పొద కింద ఒకటుంది, చూశావా?" అన్నాను.

"అన్నీ నీళ్లలోకి పోయాయి. కళ్లారా చూశాగా!"

ముప్పై ఏళ్లు నౌకల రేవులో పనిచేసిన మనిషి. వంటింటి సలహా చెవికెక్కుతుందా?

ఆదివారం మధ్యాహ్నానికి కంచె బయట ఒక పెంగ్విన్ గొంతు చించుకుంటోంది. పొద కింద రెండోది గుడ్ల మీద నుంచి కదల్లేదు. తల వేలాడేసింది.

"ఇదేమిటి డెల్మా, ఆకలికి చచ్చేలా ఉంది! లేచొస్తే నేనే బయటికి వదులుతాగా?"

"పోతే గుడ్లు చల్లారిపోవూ?"

"రెండ్రోజులు తిండి లేకుండానా?"

"రెండ్రోజులకే జాలేసిందా? ముగ్గురు పిల్లలతో నేనెన్నేళ్లు ఇలా కూర్చున్నానో! నా వంతు తీసుకుంటానని కంచె అవతల ఒక్కరూ అరవలేదు మరి."

లయొనెల్ కటింగ్ ప్లేయర్ తెచ్చి వల కత్తిరించాడు. బయటి పక్షి లోపలికి దూరి, పోతూ పోతూ ఆయన పిక్క మీద ఒక్క పోటు పొడిచి, పొద కిందికి నడిచింది. రెండూ తలలు వంచి పలకరించుకున్నాయి. ఒకటి లేచింది. ఒకటి కూర్చుంది.

"తప్పు నాదే" అన్నాడు లయొనెల్, పెంగ్విన్‌తో!

"దేని సంగతి?" అన్నాను నేను. "కంచె సంగతా, పిల్లల సంగతా?"

పిక్క రుద్దుకుంటూ పొదవైపు చూశాడు.

"రెండూ, డెల్మా. రెండూ నా తప్పే."