అడుగు మూసుకుపోయిన గ

మనిషి నిప్పును కనిపెట్టి చాలా కాలమైంది. ఆ నిప్పు మీద నీళ్లు పెడితే కాగుతాయని కనిపెట్టడానికి ఇంకొంత కాలం పట్టి ఉంటుంది. అయితే నీళ్లు కాగాలంటే ఒక కంపెనీ, ఒక యాప్, ఒక సంతృప్తి విభాగం, ఆ విభాగానికో అధికారి ఉండాలన్న సంగతి మాత్రం మన కాలంలోనే తేలింది. ఇంత గొప్ప కాలంలో బతుకుతూ, గీజరు పాడైందని దిగులుపడటం పూర్తిగా నా తప్పే.

మా గీజరు ఒక సోమవారం పొద్దున పనిచేయడం మానేసింది. మానేసినట్టు పైకి కనిపించదు. ఎర్రదీపం వెలుగుతుంది, లోపల గుర్రుమంటుంది, చూడటానికి ఎంతో గంభీరంగా ఉంటుంది. నీళ్లు మాత్రం చల్లగా వస్తాయి. (ఏ ఆఫీసులో కూర్చోబెట్టినా రాణించేది. మా బాత్రూమ్‌లో ఇరుక్కుపోయింది.)

మా ఆయన ఉన్నప్పుడు అది ఇలా మొండికేస్తే పక్కన అరచేత్తో ఒకటి చరిచేవారు. వెంటనే దారికొచ్చేది. ఆ విద్య ఎవరికీ చెప్పకుండానే వెళ్లిపోయారు. నేనూ చరిచి చూశాను. చెయ్యి వేడెక్కింది.

ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా అత్తగారూ. ఆవిడ భుజం మీద రోజూ గోరువెచ్చని నీళ్లు పడాలని డాక్టరు చెప్పాడు. గీజరు పడుకోవడంతో నేను పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాచి, బకెట్లో పోసి, వంటింట్లోంచి బాత్రూమ్ దాకా మోయడం మొదలుపెట్టాను. నా ముందు అత్తగారు చేతికర్ర ఊపుకుంటూ, "తప్పుకోండి, వేడినీళ్లు, తప్పుకోండి" అని నడిచేవారు. ఆ వసారాలో తప్పుకోవడానికి మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. అయినా మంత్రుల బళ్ల ముందు ఒక బండి వెళ్లాలి కదా.

ఈ ఊరేగింపు సంగతి మా ఆడపడుచుకు తెలిసింది. ఊరికి అవతలి చివర ఉంటుంది తను. వాళ్లింట్లో చేతులు కడుక్కునే కుళాయిలో కూడా వేడినీళ్లు వస్తాయి. ఫోన్ చేసి, "వదినా, ఇవాళ కాకపోతే రేపు, ఇద్దరూ కాల్చుకుంటారు. ఆదివారం లోపు అది బాగు చేయించు. లేకపోతే కారు తెచ్చి అమ్మను తీసుకెళ్తాను" అంది.

"బాగయ్యాక పంపిస్తావు కదా?" అన్నాను.

"చూద్దాంలే."

'చూద్దాంలే' అనే మాట అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

మా అత్తగారికీ నాకూ పడదు. అది అందరికీ తెలుసు. కానీ సాయంత్రాలు నేను పేపరు పైకి చదువుతాను, ఆవిడ తప్పులు పడతారు. ఆవిడకు ఒక్క అక్షరం రాదు. అయినా నేను తప్పు చదివిన చోట ఎలాగో తెలిసిపోతుంది. "మంత్రి రాజీనామా చేశాడంటున్నావు. వాళ్లు అలా చేయరు. మళ్లీ చదువు" అంటారు. మళ్లీ చదివితే అక్కడ 'చేయబోనన్నారు' అని ఉంటుంది. ఆవిడ వెళ్లిపోతే నా తప్పులు నా దగ్గరే ఉండిపోతాయి.

కనుక ఫిర్యాదు చేయాలని తీర్మానించాను. "నేను పెడతానులే వదినా, రెండు నిమిషాల పని" అని ఆడపడుచు అంది. వద్దన్నాను. జుట్టు నెరిశాక సాయంత్రం బడికి వెళ్లి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు నా ఫిర్యాదుకు కాకపోతే ఇంకెందుకు?

లేటుగా చదువు వచ్చినవాళ్లకు ఒక జబ్బుంటుంది. కనిపించిందల్లా చదువుతారు. యాప్ తెరవగానే వచ్చే నిబంధనలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. బహుశా లోకంలో వాటిని చదివినదాన్ని నేనొక్కదాన్నే. చదివి, 'అంగీకరిస్తున్నాను' నొక్కాను. (అర్థమై ఉంటే నొక్కేదాన్ని కాదు.) కంపెనీ మనిషి కాక వేరేవాళ్లు మూత విప్పితే గ్యారంటీ పోతుందని అందులో ఉంది. చదువు రాని రోజుల్లో అయితే వీధి చివర కరెంటు పనిచేసే ఆయన్ని పిలిచేదాన్ని, మధ్యాహ్నానికి నీళ్లు కాగేవి.

తర్వాత ఒక తెల్లటి గడి వచ్చింది. 'మీ సమస్యను మీ సొంత మాటల్లో తెలపండి' అని ఉంది. ఇన్నేళ్లలో నన్ను సొంత మాటల్లో చెప్పమన్నది ఆ ఫోనొక్కటే. మా ఫోను వేలితో రాస్తే అక్షరంగా మార్చుకుంటుంది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, మూడే మూడు మాటలు రాశాను. నీళ్లు కాగడం లేదు. సూటిగా, మర్యాదగా, తప్పులేకుండా.

టీ నీళ్లు కాగేలోపు జవాబు వచ్చేసింది. అత్తగారిని పిలిచి పైకి చదివాను.

"ప్రియమైన వినియోగదారు గారికి, మీ ఇంట్లో నీళ్లు కాగడం లేదని తెలిసి ఎంతో సంతోషిస్తున్నాం."

"మళ్లీ చదువు," అన్నారు అత్తగారు.

మళ్లీ చదివాను. సంతోషిస్తున్నారు.

"మన నీళ్లు కాగకపోతే వాళ్లకెందుకే సంతోషం?"

"కంపెనీ కదా అత్తయ్యా."

"నువ్వే ఎక్కడో తప్పు చదివావు."

"ఎలా తప్పు చదువుతాను? ఆ మాటలు రాసింది నేనే కదా."

ఆ కింద, 'మీ ఫిర్యాదు విజయవంతంగా ముగిసింది. మీరు ఎంత సంతృప్తి చెందారు?' అని అడుగుతూ అయిదు చుక్కలు పెట్టారు. విజయవంతం అన్నారంటే మెకానిక్ బయల్దేరి ఉంటాడనుకున్నాను. అంత మర్యాదగా అడిగినప్పుడు చుక్కలు మిగల్చడం బాగుండదని అన్నీ నొక్కేశాను. ఫోను మీద రంగు కాగితాలు కురిశాయి.

మెకానిక్ రాలేదు. రోజుకో మెసేజి మాత్రం వచ్చింది. ఒకరోజు మమ్మల్ని 'సంతృప్త కుటుంబం'గా గుర్తించారు. ఇంకోరోజు, మా సంతృప్తిని ఇరుగుపొరుగుతో పంచుకోమన్నారు. సాయంత్రాలు పేపరు పక్కకు పోయి, అత్తగారు, "ఇవాళ ఏమంటున్నారు వాళ్లు?" అని అడగడం మొదలుపెట్టారు. శుక్రవారం నాడు ఆవిడ సంచీలో రెండు చీరలు సర్దుకోవడం చూశాను. చూడనట్టు ఊరుకుని, చెప్పులేసుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లాను.

అక్కడ గుమ్మంలో ఒక యంత్రం ఉంది. ఫోను నంబరు కొడితే ఎవరు ఎటు వెళ్లాలో చెబుతుంది. అసంతృప్తుల వరుస మెట్లు దిగి సైకిల్ స్టాండు దాకా వచ్చింది. నన్ను మాత్రం ఎడమవైపు గదిలోకి పంపింది. చల్లటి గది, మెత్తటి సోఫాలు, గోడకు నవ్వుతున్న కుటుంబం బొమ్మ. నేను తప్ప సంతృప్తులెవరూ లేరు. మూల ఒక నీళ్ల డబ్బా, దానికి ఎర్ర కుళాయి, అందులోంచి వేడినీళ్లు. సంతృప్తులకు అన్నీ ఉంటాయి.

సంతృప్తి విభాగాధికారి లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పాపం, చాలా రోజులుగా మనుషుల్ని చూసినట్టు లేదు.

"రండమ్మా, రండి. చెప్పండి, ఎంత సంతృప్తిగా ఉన్నారు?"

"నీళ్లు కాగడం లేదు బాబూ."

ఆయన ముఖం పాలిపోయింది. "అలా అనకండమ్మా. ఈ నెలలో అన్ని చుక్కలూ ఇచ్చింది మీరొక్కరే. మీ ఫిర్యాదు ఇదిగో, చూడండి. మీరే రాశారు." కంప్యూటరు తెర నావైపు తిప్పాడు.

చూశాను. నీళ్లు కారడం లేదు, అని ఉంది.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. గ అడుగు తెరిచి ఉంటుంది. ర అడుగు మూసుకుని ఉంటుంది. నేను వేలితో గ రాస్తూ, అందంగా ఉండాలని కింద కొంచెం గుండ్రంగా తిప్పాను. అడుగు మూసుకుపోయింది. అడుగు మూశాక ఏదైనా ఎలా కారుతుంది? మా గీజరు కారడం లేదని నేను కంపెనీకి పనిగట్టుకుని కబురు పెట్టాను. వాళ్లు సంతోషించారు. నేనే వాళ్ల స్థానంలో ఉన్నా సంతోషించేదాన్ని. వాళ్ల మెసేజిలోనూ ర యే ఉంది. నేను గ అని చదివాను. నేను రాసిందాంట్లో ఏముందో నాకు తెలియదా అన్న ధీమా. అక్షరం రాని మా అత్తగారికే అందులో తప్పుందని తెలిసింది.

"తప్పు నాదే బాబూ. ఇప్పుడేం చేయాలి?"

"కొంచెం కష్టమమ్మా," అన్నాడాయన, డాక్టరు గొంతుతో. "మీరు సంతృప్తి చెంది ఉన్నారు. ముందు దాన్ని వెనక్కి తీసుకోవాలి. ఎందుకు సంతృప్తి చెందారో కారణం చెప్పాలి."

"అక్షరం పొరపాటు."

"ఆ కారణం ఇందులో లేదమ్మా. 'తొందరపాటు', 'ఇతరుల ప్రోద్బలం', 'స్వభావం', ఈ మూడే ఉన్నాయి."

కాసేపు ఆలోచించి 'స్వభావం' పెట్టమన్నాను. ఎవరి ప్రోద్బలమూ లేదు, తొందర అసలే లేదు.

"ఇకమీద మీరు ఈ గదిలోకి రాకూడదమ్మా," అన్నాడు అధికారి బాధగా. గుమ్మం దాకా సాగనంపాడు. అసంతృప్తుల వరుసలో చివర నిలబడ్డాను. నా ముందు నిలబడ్డ పెద్దమనిషి వెనక్కి తిరిగి, "మీరిప్పుడు ఆ గదిలోంచి వచ్చారు కదా. లోపల ఎలా ఉంటుంది?" అని అడిగాడు. వేడినీళ్లు వస్తాయని చెప్పాను. ఆయన నమ్మలేదు.

నా వంతు వచ్చాక కొత్త ఫిర్యాదు అక్కడే రాశాను. గ రాసి, అడుగు తెరిచి ఉందో లేదో కళ్లజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాను. కౌంటరులో అమ్మాయిని కూడా చూడమన్నాను. "గ యే ఆంటీ, బ్రహ్మాండంగా ఉంది," అంది. ఆదివారం పొద్దున మనిషి వస్తాడని మాటిచ్చింది.

ఆదివారం మెకానిక్ కన్నా ముందు మా ఆడపడుచు వచ్చింది. సంచీ గుమ్మం పక్కనే ఉంది.

"వదినా, నీ కంపెనీవాళ్లు ఏరి?"

"వస్తారు. ఈసారి గ సరిగ్గా రాశాను."

ఏం అనుకుందో ఏమో, నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "సరే, అమ్మ స్నానం కాగానే బయల్దేరతాం" అంది. నేను పొయ్యి మీద గిన్నె పెట్టాను. మా ఇంట్లో ఆవిడకు అదే ఆఖరి స్నానమేమోనని కొంచెం పెద్ద గిన్నే పెట్టాను.

నీళ్లు మసులుతుండగా మెకానిక్ వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో ఫోను. బాత్రూమ్ ఎటు అని అడగలేదు. ఫోను చూసి చదివాడు. "ఫిర్యాదు: నీళ్లు కాగడం లేదు. సరేనా అమ్మా?"

"సరే," అన్నాను. ఒక్క అక్షరం తేడా లేదు. నా ఒళ్లు పొంగింది.

అతను తల తిప్పి వంటింట్లోకి చూశాడు. "కాగుతున్నాయి కదమ్మా."

"అవి పొయ్యి మీద బాబూ. గీజరులో కాగడం లేదు."

"గీజరు అని మీరు రాయలేదమ్మా. నీళ్లు అని రాశారు. 'ఇంట్లో నీళ్లు కాగుతున్నాయా' అని ఇది నన్ను అడుగుతోంది. అవును, కాదు, రెండే ఉన్నాయి. అక్కడ అవి మసులుతుంటే కాదని ఎలా నొక్కుతాను? ఫొటో కూడా తీసి పెట్టాలి." గిన్నెకు ఫొటో తీశాడు. ఆవిరి బాగా పడలేదని ఇంకోటి తీశాడు.

"నువ్వు ఆ గీజరు మూత ఒకసారి విప్పి చూడవయ్యా," అంది మా ఆడపడుచు.

"ఫిర్యాదు ముగిశాక విప్పితే గ్యారంటీ పోతుంది మేడమ్. నిబంధనల్లో ఉంది. ఎవరూ చదవరు."

"నేను చదివాను," అన్నాను.

అతను నావైపు గౌరవంగా చూసి, దండం పెట్టి వెళ్లిపోయాడు. అక్షరం మీద అంత ధ్యాస పెట్టినదాన్ని, అసలు మాట రాయడం మరిచిపోయాను. ఇక అనడానికేముంది? ఆడపడుచు సంచీ చేతిలోకి తీసుకుంది.

అప్పుడు నా ఫోను మోగింది.

"చదువు," అన్నారు అత్తగారు, మంచం మీంచి.

"ఇప్పుడెందుకు అత్తయ్యా?"

"చదవమంటున్నానా?"

ఈసారి ఒక్కో అక్షరం అడుగూ చూసుకుంటూ చదివాను. "మీ ఇంట్లో నీళ్లు కాగుతున్నాయని తెలిసి ఎంతో సంతోషిస్తున్నాం. మీ గిన్నె మా ఈ నెల ఉత్తమ ఛాయాచిత్రంగా ఎంపికైంది."

అత్తగారు మొదట దగ్గారనుకున్నాను. నవ్వు. ఆ నవ్వు ఆగేదాకా భుజం పట్టుకుని కూర్చున్నారు. తర్వాత కళ్లు తుడుచుకుని కూతుర్ని అడిగారు.

"మీ ఇంటికి ఇలాంటివి వస్తాయటే?"

"మా గీజరు బాగానే ఉందమ్మా. మాకెందుకు వస్తాయి?"

"అయితే సాయంత్రం పూట నేను అక్కడేం చేయాలి?"

"వేడినీళ్లు పోసుకో."

"సాయంత్రమంతా పోసుకుంటానా? ఆ సంచీ కింద పెట్టు. వచ్చినదానివి వచ్చావు, ఆ బకెట్ పట్టుకో. మీ వదిన నడుం పడిపోయింది."

నా నడుం పడిపోయిన సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం నీళ్లు మా ఆడపడుచు మోసింది. ముందు అత్తగారు కర్ర ఊపుతూ నడిచారు. చివర నేను, చేతిలో ఏమీ లేకుండా, ఆ ఊరేగింపుకు సంబంధించిన అధికారిలాగా నడిచాను.

బాత్రూమ్ తలుపు పడ్డాక ఫోను చూసుకున్నాను. ఎంత సంతృప్తి చెందారని మళ్లీ చుక్కలు పెట్టారు. అన్నీ నొక్కాను. ఈసారి మర్యాద కోసం కాదు.

కంపెనీ రికార్డుల ప్రకారం మా ఇంట్లో నీళ్లు కారవు, కాగుతాయి, అందరూ సంతృప్తిగా ఉన్నారు. ఇందులో తప్పు ఎక్కడుందో నేను ఎంత వెతికినా దొరకలేదు. గీజరు ఎర్రదీపం వెలిగించుకుని గుర్రుమంటోంది.