చెంబుల్లో ఆస్ట్రేలియా

త్రిమూర్తులుకి నరేందర్ మీద అసూయ లేదు. ఆ మాట ఆయనే భార్యతో రోజూ చెప్పేవాడు. "నాకెందుకే వాడి మీద అసూయ? వాడెంత, వాడి నాలుకెంత?" అని అన్నం కలపడం ఆపి మరీ చెప్పేవాడు.

నిజానికి ఉడికిపోతున్నాడు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి నాచారంలో ఫ్లాటు కొనుక్కుని, ఉప్పల్ ఇన్సూరెన్సు ఆఫీసులో గుమాస్తాగా పనిచేస్తున్న త్రిమూర్తులుకి లోకంలో ఉన్న హోదా ఒక్కటే. శనివారం సాయంత్రాలు అపార్ట్‌మెంటు మేడ మీద మగవాళ్లు చేరినప్పుడు, ఏ బీరు మంచిదో తీర్పు చెప్పేది ఆయన. పై అంతస్తులో నరేందర్ అద్దెకు దిగాక ఆ హోదా కాస్తా ఊడింది.

నరేందర్‌ది జనగామ. నాచారంలోనే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. ఏది తాగినా ఒక్క గుక్కతో కళ్లు మూసుకుని అందులో ఏముందో చెప్పేస్తాడు. ఆస్ట్రేలియాలోని ఒక పెద్ద బీరు కంపెనీ కొత్తగా తీసిన లాగర్ రకం బీరు ఉప్పల్ దుకాణంలోకి వచ్చిందని తెలియగానే, అందరికంటే ముందు తాగి అపార్ట్‌మెంటు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"చేదు తక్కువున్నది. గొంతుల తేలికగ దిగుతది. ఆఖరుకు జర నిమ్మతొక్క వాసనొస్తది."

దానికి అందరూ బొటనవేళ్లు పెట్టారు. అందులో తన భార్య ఛాయాదేవి బొటనవేలూ ఉంది. అది చూశాక త్రిమూర్తులుకి ఆ పూట అన్నం సయించలేదు.

"నువ్వెప్పుడైనా బీరు మొహం చూశావా? బొటనవేలెందుకు పెట్టావు?"

"ఎంత వివరంగా చెప్పాడో అని పెట్టాను. మీరూ తాగుతున్నారు పెళ్లైన దగ్గర్నుంచీ. ఎలా ఉందండీ అంటే చల్లగా ఉందంటారు."

"చల్లగా ఉండడం కన్నా బీరుకి ఏం కావాలి?"

"నాకేం తెలుసండీ. నరేందర్ గారిని అడగండి."

ఆ చివరి మాట గుండెలో ముల్లులా దిగింది. నరేందర్ నాలుక ఉత్తదని భార్య ఎదురుగా తేల్చకపోతే ఇక ఇంట్లో తలెత్తుకోలేడు. ఆ రాత్రంతా ఆలోచించి ఒక పథకం వేశాడు.

శనివారం ఉప్పల్ నుంచి ఆ ఆస్ట్రేలియా లాగర్ ఒక సీసా, మామూలుగా తాగే లోకల్ బీరు ఒక సీసా తెచ్చాడు. సీసా కనిపిస్తే పేరు చూసి చెప్తాడు. గాజు గ్లాసైతే రంగు చూసి చెప్తాడు. స్టీలు చెంబులోంచి స్టీలు గ్లాసులోకి పోస్తే నాలుక తప్ప వేరే ఆధారం ఉండదు. వంటింట్లో పేర్లు చెక్కించిన చెంబులు ఉండనే ఉన్నాయి. మామగారు బుచ్చిబాబు పేరున్న చెంబులో ఆస్ట్రేలియాది పోశాడు. ఛాయాదేవి పిన్ని పేరున్న చెంబులో లోకల్‌ది పోశాడు. రెంటినీ ఫ్రిజ్‌లో పెట్టి, సీసాలు దాచేసి, చాపలు పరచడానికి మేడెక్కాడు.

కాసేపటికి పైకి నరేందర్ వచ్చాడు. ఎవరేమన్నా "అవునవును" అనే అపార్ట్‌మెంటు సెక్రటరీ చంద్రశేఖర్ కూడా వచ్చాడు. వాళ్ల వెనకే ఛాయాదేవి పకోడీలు, చెంబులు, స్టీలు గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది.

త్రిమూర్తులు చెంబులు చూసి కంగుతిన్నాడు. ఒకదాని మీద తన తండ్రి పేరుంది. రెండోదాని మీద తన మేనత్త రాములమ్మ పేరుంది. భార్యను పిట్టగోడ దగ్గరికి లాక్కెళ్లాడు.

"ఇవేంటి?"

"మా నాన్న పేరున్న చెంబులో బీరు పోస్తారా? ఆయన జన్మలో ముట్టుకున్నారా? మా పిన్ని చెంబులో కూడానా? అంతగా కావాలంటే మీ వాళ్ల చెంబుల్లో తాగండని మార్చాను."

త్రిమూర్తులు చకచకా లెక్క వేసుకున్నాడు. వాళ్ల నాన్నది మా నాన్నకి, వాళ్ల పిన్నిది మా అత్తకి. అంటే నాన్న ఆస్ట్రేలియా, అత్త లోకల్. ప్రాణం కుదుటపడి వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"నరేందర్, ఒకదాంట్లో ఆస్ట్రేలియా, ఒకదాంట్లో లోకల్. ఏది ఏదో చెప్పాలి."

నరేందర్ మొదటిది చప్పరించాడు. రెండోది చప్పరించాడు. మళ్లీ మొదటిది తాగి తల గోక్కున్నాడు.

"అన్నా, నాకైతే రెండు ఒక్కతీర్గనే ఉన్నయ్."

త్రిమూర్తులు కడుపు నిండిపోయింది. చంద్రశేఖర్ వైపు తిరిగి, "విన్నారా? ఆకాశానికీ భూమికీ తేడా తెలీలేదు" అన్నాడు. చంద్రశేఖర్ "అవునవును" అన్నాడు. త్రిమూర్తులు ఒక్కో గ్లాసూ తీసుకుని, కళ్లు మూసుకుని, భార్యకు వినబడేలా గొంతు పెంచాడు.

"ఇదీ... మా నాన్న చెంబులోది. సముద్రం దాటొచ్చిన సరుకని నాలుక మీద పడగానే తెలుస్తోంది. నిమ్మతొక్క ఒక్కటే కాదు, నారింజ తొక్క కూడా ఉంది. ఇక మా అత్త చెంబులోది, ఛీ, బోరు నీళ్లు."

"ఏమో అన్నా," అన్నాడు నరేందర్ మొహమాటంగా. "నాకైతే రెండిట్ల సగం గది, సగం గిది కలిపినట్టున్నది."

"కలిపినట్టుందట," అని త్రిమూర్తులు పగలబడి నవ్వాడు. సాక్ష్యం కోసం భార్యను తనే పిలిచాడు. "ఛాయా, నువ్వే చెప్పు. ఏ చెంబులోది ఏ చెంబులో పోశావు?"

"గుర్తు పెట్టుకోలేదండీ. రెండూ చారు గిన్నెలోకి వంచేసి, మా చెంబులు కడిగి పెట్టేసి, గిన్నెలోది మీ వాళ్ల చెంబుల్లో సమంగా పోశాను. పప్పూ మజ్జిగా కాదుగా, రెండూ బీరేగా."

చంద్రశేఖర్ చేతిలో పకోడీ పళ్లెంలో పడేసి నరేందర్ చెయ్యి పట్టుకుని ఊపాడు. ఛాయాదేవి కళ్లు విప్పార్చుకుని నరేందర్‌ని చూసింది. ఆ చూపు పెళ్లిచూపుల్లో కూడా తన మీద పడలేదని త్రిమూర్తులుకి గుర్తొచ్చి మనసంతా చేదైపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బెండకాయ పులుసు దింపి, ఛాయాదేవి చిన్న గిన్నెలో కొంచెం పోసి ఆయన చేతిలో పెట్టింది.

"నరేందర్ గారికి రుచి చూపించి ఉప్పు సరిపోయిందో లేదో కనుక్కురండి."

"ఇంట్లో ఉప్పు చూసేది నేను కదే."

"ఇన్నాళ్లూ మీరు బాగుందన్న కూరలన్నీ తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తోందండీ."

గిన్నె పట్టుకుని మెట్లెక్కాడు. నరేందర్ ఒక చెంచా నోట్లో వేసుకుని, ఉప్పు జర ఎక్కువైందని చెప్పమన్నాడు. దిగుతూ దిగుతూ త్రిమూర్తులు బాగా ఆలోచించాడు. ఈ పులుసు ఉప్పగా ఉందని భోజనంలో ఛాయాదేవికే తెలుస్తుంది. దీన్ని నరేందర్ మెచ్చుకున్నాడని చెప్తే వాడి నాలుక పరువు ఇవాళతో సరి.

"అమృతంలా ఉందన్నాడు. ఉప్పు అక్షరాలా సరిపోయిందన్నాడు. నేనూ చూశాను, నాకూ అలాగే అనిపించింది."

ఛాయాదేవి ఫోన్ తీసి, నరేందర్ పెట్టిన వాయిస్ మెసేజ్ నొక్కింది.

"వదినా, అన్నకు జెప్పిన గని మల్లా మర్సిపోతడేమోనని పెడుతున్న. పులుసుల ఉప్పు జర ఎక్కువైంది. ఒక ఆలుగడ్డ ఏస్తే సక్కగయితది."

ఫోన్ పక్కన పెట్టి, ఆయన కంచంలో అన్నం వడ్డించి, పులుసు గరిట నిండా పోసింది. తర్వాత ఇంకో గరిట పోసింది. తనకు మాత్రం పెరుగు వేసుకుంది.

"మీ ఇద్దరికీ అంత నచ్చిందన్నారుగా. నరేందర్ గారి వాటా కూడా మీరే కానివ్వండి."

త్రిమూర్తులు పక్కన నీళ్ల చెంబు పెట్టుకుని, ఆ పులుసంతా తిన్నాడు.