ఊదారంగు మీట

ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడూ నల్లతెర ముఖం చూడనవసరం లేదని ఆధునిక సౌకర్యాల శాఖ మంత్రి గౌరవనీయులు కచింగ్వేగారు రాజధాని లిలోంగ్వేలో ప్రకటించారు. రేడియో ఆ మాటను పొద్దునా సాయంత్రమూ వినిపించింది. నల్లతెర అంటే ఏమిటో విన్నవాళ్ళలో చాలామందికి తెలియదు. అయినా అది పోతోందంటే సంతోషించారు. ఏదో ఒకటి పోతోంది, అంతే చాలు.

తెలిసిన మనిషి ఒక్కర్తే. పేరు టెమ్వా గోండ్వే. కసుంగు దగ్గర ఉపాధ్యాయుల శిక్షణ కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆ సమయానికి స్టాఫ్ రూములో ఉడికించిన చిలగడదుంప తింటోంది. మంత్రిగారు మాట్లాడుతున్నది తాను సెలవుల్లో కూర్చుని రాసిన ప్రోగ్రామ్ గురించేనని గ్రహించేసరికి దుంప సగం అయిపోయింది. మిగతా సగాన్ని కాగితంలో చుట్టేసింది.

ఆ కళాశాలలో ఉన్నవన్నీ లినక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్లు, ఎందుకంటే లినక్స్ ఉచితం. వాటిలో కొత్త ప్రోగ్రామ్ ఏదైనా కావాలంటే నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక ఆజ్ఞ టైపు చేయాలి. అప్పుడు ప్యాకేజీ మేనేజర్ అనే లోపలి పనివాడు నెట్లో ఉన్న గిడ్డంగికి వెళ్ళి, సరుకు తెచ్చి, సర్ది పెడతాడు. మంచి పనివాడే. కాకపోతే ఒక్క అక్షరం తప్పినా అలాంటిది లేదు పొమ్మంటాడు.

ఆ ప్రకటనకు కొన్నాళ్ళ ముందు శిక్షణకు వచ్చిన వాళ్ళలో కయాంగే అని ఒక పెద్దాయన ఉండేవాడు. ఉత్తరాన కొండల్లో న్తలిరే బడిలో లెక్కల మాష్టారు. పిల్లలకు త్రిభుజాలు కదిలించి చూపే ప్రోగ్రామ్ ఒకటుందని ఎవరో చెప్పగా విని, దానికోసం ఒక్క వేలితో టైపు చేసేవాడు. లేదనేది. మళ్ళీ కొట్టేవాడు. మళ్ళీ లేదనేది.

"మేడమ్, నేను అడిగే తీరులో మర్యాద ఏమైనా తక్కువైందా?" అని ఒకరోజు టెమ్వాని అడిగాడు.

ఆమెకు నవ్వు రావలసింది, కళ్ళు చెమర్చాయి. ఆ సెలవుల్లోనే కూర్చుని నల్లతెర మీదికి ఒక రంగుల తెర తయారు చేసింది. అందులో బొమ్మలు, వాటి కింద అక్కడి జనం మాట్లాడే చిచేవా భాషలో పేర్లు, పేరు కింద ఒక మీట. మీట నొక్కితే చాలు, వెనక పాత పనివాడే పని చేస్తాడు. నెట్ లేకపోతే లేదని, డిస్కులో చోటు చాలకపోతే చాలదని వినయంగా చెబుతాడు. దానికి మ్సికా అని పేరు పెట్టింది. అంటే సంత.

తర్వాత మంత్రిగారు కళాశాల చూడటానికి వచ్చారు. ఎవరో ఉత్సాహవంతుడు ఆయనకు నల్లతెర మీదే ఒక ప్రోగ్రామ్ ఎక్కించి చూపబోయాడు. తెల్ల అక్షరాలు బిలబిలా పరుగెత్తి, చివర ఒక ప్రశ్న దగ్గర ఆగాయి: కొనసాగాలని మీకు ఉందా, లేదా? అది ఎన్నికల సంవత్సరం. మంత్రిగారి ముఖం నల్లబడింది.

"ఈ ప్రశ్న ఎవరు రాయించారు?" అని నెమ్మదిగా అడిగారు.

అందరూ కంగారుపడి ఆయన్ని టెమ్వా కంప్యూటర్ దగ్గరికి నడిపించారు. అందులో ఏ ప్రశ్నా లేదు. ఆయనకు వెంటనే నచ్చింది. ఒక పథకం పుట్టడానికి ఇంతకన్నా బలమైన కారణం ప్రభుత్వాల చరిత్రలో అరుదు.

రేడియోలో ఆ ప్రకటన వచ్చాక టెమ్వాని లిలోంగ్వేకి పిలిపించారు. శాఖ డైరెక్టరు చిసాలే ఆమెకు ఒక గదీ, గుండ్రటి కుర్చీ, సలహా సంఘమూ ఇచ్చాడు. సంఘంలో కంప్యూటర్ తెలిసినవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళుంటే అభిప్రాయం ఒకవైపుకు మొగ్గుతుందని చిసాలే చెప్పాడు. టీ తాగుతూ, మందాసీ బూరెలు తింటూ సంఘం మొదట మీట రంగు తేల్చింది. పార్టీ రంగు ఊదా కనుక ఊదా. అయితే 'తొలగించు' అనే మీట కూడా ఊదాగా ఉండటం చూసి ఒక సభ్యుడికి పొలమారింది. ప్రభుత్వం ఇచ్చేదే తప్ప తీసుకునేది కాదని తీర్మానించి ఆ మీటనే ఎత్తేశారు.

తర్వాత చిక్కు వచ్చింది. ఒక ప్రోగ్రామ్ అడిగితే దానికి ఆసరాగా మరికొన్ని వస్తాయి, వాటికి ఆసరాగా ఇంకొన్ని వస్తాయి, అవి లేకపోతే అడిగింది పనిచేయదు. దీన్ని మంత్రిగారికి ఎలా వివరించాలా అని టెమ్వా భయపడింది. ఆయన వింటూ వింటూ కుర్చీలో ముందుకు జరిగారు.

"ఇందులో అర్థం కానిదేముంది? జనం నన్ను గెలిపిస్తే నేనొక్కణ్ణే వచ్చానా? మా బావమరిది వచ్చాడు. వాడి డ్రైవరొచ్చాడు. డ్రైవరు తమ్ముడొచ్చాడు. వాళ్ళు లేకుండా నేను పని చేయగలనా?" అన్నారు. ఆ వెంటనే, "వచ్చేవాళ్ళు రావచ్చమ్మా. వాళ్ళ పేర్లు మాత్రం తెర మీద వేయకు" అన్నారు.

సాంకేతిక విషయాన్ని ఇంత సూక్ష్మంగా గ్రహించిన మంత్రిని తన ఉద్యోగ జీవితంలో చూడలేదని చిసాలే మినిట్సులో రాయించాడు. అది నిజమే కూడా.

అసలు గొడవ 'విఫలమైంది' అనే మాట దగ్గర వచ్చింది. అది ప్రభుత్వ తెర మీద కనబడకూడదనీ, దాని బదులు 'పురోగతిలో ఉంది' అని రావాలనీ సంఘం కోరింది. టెమ్వా మొదటిసారి ఎదురు చెప్పింది. నెట్ లేదని తెలిస్తే బడి మాష్టారు ఇంటికి వెళ్ళి రేపు మళ్ళీ ప్రయత్నిస్తాడనీ, పురోగతిలో ఉందంటే పాపం దాని ముందే కూర్చుంటాడనీ అంది.

"కూర్చోనీ అమ్మా. ఆశతో కూర్చున్న మనిషిని లేపడం మన శాఖ పని కాదు. విఫలమైందని చెప్పడానికి ప్రతిపక్షం ఉంది. వాళ్ళ పని మనమెందుకు చేయాలి?" అన్నాడు చిసాలే. ఇష్టం లేకపోతే కళాశాలకు తిరిగి వెళ్ళవచ్చనీ, మ్సికా మాత్రం శాఖ దగ్గరే ఉంటుందనీ ఆప్యాయంగా చెప్పాడు.

ఆమె ఆలోచించింది. తాను వెళ్ళిపోతే ఆ కుర్చీలో డ్రైవరు తమ్ముడు కూర్చుంటాడు. ఉంటే కనీసం త్రిభుజాలైనా న్తలిరే దాకా వెళతాయి. ఉండిపోయింది. బేరమాడి, లోపల నిజంగా ఏం జరిగిందో చెప్పే 'వివరాలు' మీట ఒకటి సాధించింది. సంఘం ఉదారంగా ఒప్పుకుంది. అయితే ఆ మీట బూడిద రంగులో ఉండాలి, నొక్కితే నొక్కుడు పడకూడదు.

ప్రారంభోత్సవం రోజు హాలు నిండిపోయింది. దౌత్యవేత్తలు వచ్చారు, బృందగానం జరిగింది. మంత్రిగారు ఊదారంగు మీట నొక్కేముందే నెట్ పోయింది. ఆ సంగతి టెమ్వాకి, చిసాలేకి తప్ప ఎవరికీ తెలియదు. చిసాలే వంగి, పని ఎంతవరకూ అయిందో చూపుతూ తెర మీద పాకే గీతను ప్రసంగం పొడవుకు సరిచేయమని ఆమె చెవిలో చెప్పాడు. చేసింది. మంత్రిగారు మీట నొక్కి ప్రసంగం మొదలుపెట్టారు. ఆయన స్వాతంత్ర్య పోరాటం దగ్గర ఉండగా గీత పావు దూరం నడిచింది, తమ బాల్యంలోని పేదరికం దగ్గర సగం దాటింది, దేశాధ్యక్షుల దూరదృష్టి దగ్గర చివరికి చేరింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఏం ఎక్కిందని ఎవరూ అడగలేదు. టెమ్వాకి సిగ్గు వేసింది. చప్పట్లు మాత్రం బాగానే ఉన్నాయనిపించింది, దాంతో ఇంకొంచెం సిగ్గు వేసింది.

కొన్నాళ్ళకు దేశంలోని ప్రతి బడికీ మ్సికా చేరిందని శాఖ ప్రకటించింది. కొండల్లోకి కూడా చేరిందా అని టెమ్వా అడిగితే, కొండల నుంచే నూటికి నూరు శాతం విజయం నమోదైందని చిసాలే గర్వంగా చెప్పాడు. ఆమె నమ్మలేదు. నమ్మాలని మాత్రం చాలా ఉంది. సెలవు పెట్టి, బస్సెక్కి, ఆ తర్వాత మొక్కజొన్న బస్తాల లారీ ఎక్కి న్తలిరేకి వెళ్ళింది.

కయాంగే మాష్టారు ఆమెను చూసి పొంగిపోయాడు. చల్లటి థోబ్వా జావ తెప్పించి తాగించాడు. మ్సికా ఎలా ఉందని ఆమె అడిగింది. అద్భుతంగా ఉందన్నాడు. బడిపిల్లలందరికీ వచ్చేసిందన్నాడు. ఆమెకు ప్రయాణపు బడలికంతా తీరిపోయింది.

తరగతి గదిలో పిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. ఎదుటి గోడ నిండా ఖరీదైన మెరిసే కాగితం మీద అచ్చువేసిన మ్సికా తెర. దాని పక్కనే నల్లబల్ల. బారులో ముందున్న పిల్ల వచ్చి కాగితం మీద ఊదారంగు మీట నొక్కింది. మాష్టారు సుద్దముక్క తీసుకుని, నల్లబల్ల మీద గీసి ఉంచిన పొడవాటి గడిని ఎడమ నుంచి కుడికి మెల్లగా నింపాడు. నిండగానే పిల్లలు చప్పట్లు కొట్టారు.

"మరి కంప్యూటర్లు?" అంది టెమ్వా, గొంతు తగ్గించి.

"అవి రెండో దశ మేడమ్. ముందు అలవాటు కావాలన్నారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చూశారు, ఒక్క గీతా మధ్యలో ఆగలేదని రాసుకెళ్ళారు" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి ఉందేమోనని ఆమె అతని ముఖంలో వెతికింది. కనబడలేదు. "మీరు చేసిందే కదా. మీ చేత్తో ఒక్కసారి నొక్కండి మేడమ్. పిల్లలు చూస్తారు."

బారులో పిల్లలంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు. టెమ్వా వెళ్ళి నొక్కింది. కాగితం చల్లగా ఉంది. మాష్టారి సుద్ద ఎక్కడా తొట్రుపడకుండా చివరిదాకా నడిచింది. చప్పట్లు మోగాయి.

"ఏం వచ్చింది?" అని ఆమె దగ్గరున్న పిల్లను అడిగింది.

"త్రిభుజాలు" అంది ఆ పిల్ల, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

మాష్టారు డస్టరుతో గడి తుడిచి, తర్వాత ఎవరని అడిగాడు. బారులోంచి ఇంకో పిల్ల ముందుకొచ్చి, మంత్రిగారి కాగితం మాయకుండా వేలిని రెండువైపులా గౌనుకు తుడుచుకుంది.