బొట్టు కింద ఎరుపు

మిరప చేలో మోటారును కాపాడుతున్నది మోటారు మెకానిక్ గౌస్ బాషా బిగించిన డబ్బానా, దాని మీద తాను పెట్టే బొట్టా అన్న అనుమానం యలమందయ్యకు నాలుగేళ్లుగా ఉంది. పిడుగు పడి తీగల్లో కరెంటు ఎగదన్నితే ఆ సర్జ్ డబ్బా దాన్ని తన మీదికి లాక్కుంటుందట. ఇది దేవుడు చేసే పనే గదా అనుకుని, ఆయుధ పూజనాడు డబ్బా నడుమ నుదురులా కనిపించిన గాజు కిటికీకి పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టాడు. ఆపైన ప్రతి శుక్రవారం దాని మీదే మరొకటి.

ఆ పొద్దున పూత రాలుతున్న మిరపకు తడి పెట్టాలని స్విచ్చి నొక్కాడు. మోటారు మూలిగింది. కాలిన వాసన కొట్టింది. ముందురోజు సాయంత్రం పిడుగు పడింది, చినుకు మాత్రం పడలేదు.

తిన్నగా టీ కొట్టుకెళ్లాడు. "బాషా నాకు నకిలీ డబ్బా అంటగట్టాడ్రా."

"మాకూ వాడే పెట్టాడే," అన్నాడు పక్క చేను ఆదెయ్య.

"అయితే పీకెయ్యి. నీ మోటారూ తగలబడిందాకా ఉంటావా?"

మధ్యాహ్నానికి ఆదెయ్య, టీ తాగుతూ ఆ మాట విన్న మరో రైతు ప్రభు తమ డబ్బాలు పీకి, పొదిలిలో బాషా కొట్టు ముందు పడేసి, బజారంతా వినేలా తిట్టి వచ్చారు. సాయంత్రం మళ్లీ ఉరిమి పిడుగు పడింది. తెల్లారేసరికి వాళ్ల మోటార్లూ లేవలేదు.

మిగిలిన తిట్లు తిట్టడానికి ముగ్గురూ బాషాను చేలోకి పిలిపించారు. అతను గుడ్డ తడిపి డబ్బా కిటికీ తుడవసాగాడు.

"పూజ బొట్టయ్యా అది," అన్నాడు యలమందయ్య.

"బొట్టు పోయింది. ఎరుపు పోలేదు, చూడన్నా. పచ్చగా ఉంటే డబ్బా బతికున్నట్టు, ఎర్రబడితే పిడుగును తిని చచ్చినట్టు. ఎర్రబడగానే ఫోన్ చెయ్యమని బిగించిన రోజే చెప్పాను."

"ఎప్పుడు చచ్చిందంటావు?"

"కార్తీకంలో పిడుగు పడ్డా నీ మోటారు ఆడింది గదా. అప్పుడే."

ఆ రోజు మోటారు దక్కినందుకు యలమందయ్య కొబ్బరికాయ కొట్టాడు. చచ్చిన డబ్బా ముందే కొట్టాడన్నమాట.

"మరి మావి?" అన్నాడు ప్రభు.

"నా కొట్టు ముందు పడున్నాయి. రెండూ పచ్చగానే ఉన్నాయి." బాషా మోటార్ల వంక చూశాడు. "కాలిన తీగ తీసి కొత్త వైండింగు చుట్టడానికి ఒక్కోదానికి నాలుగు రోజులు. ఎవరిది ముందు?"

"మావే," అన్నాడు ఆదెయ్య. "ఈయన మాట విన్నందుకేగా మాకీ ఖర్మ."

యలమందయ్య తలూపాడు. తన వంతు వచ్చేసరికి చేలో పూత మిగలదని అతనికి తెలుసు. షెడ్డు గూట్లోంచి, నాలుగేళ్ల కిందట బాషాను అడిగి తీసుకుని, రేపిస్తా, ఎల్లుండిస్తా అంటూ తన దగ్గరే ఉంచుకున్న, కరెంటుంటే వెలిగే టెస్టర్ తీసి అతని చేతిలో పెట్టాడు.

వెలుగు కనిపించాల్సిన చోట దానికీ బొట్టుంది.