బర్రె కాదు, తిమింగలం

"ఈ తాలూకాలో ఇక కరువు లేదు. ఎందుకంటే ఇది ఒకప్పుడు సముద్రం!"

మంత్రిగారు దేవరకొండ తాలూకాలోని మా ఊరి బడి ముందు నిలబడి ఈ మాట ప్రకటించగానే చప్పట్లు కొట్టినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. పత్రికా విలేకరిని కనుక అది నా డ్యూటీ. అది పంతొమ్మిది వందల అరవై ఐదు. రెండేళ్లుగా వాన చుక్క లేదు. సముద్రం పేరు వినగానే ప్రాణం చల్లబడింది.

సంగతేమిటంటే, గొర్రెల కాపరి బీరప్ప తన తండ్రినాటి పాత బావి పూడిక తీస్తుంటే ఆరు గజాల లోతున ఒక పెద్ద పుర్రె బయటపడింది. ఇంకా తీస్తే జల పడినా పడొచ్చని అతని ఆశ. అరవై గొర్రెలు దాహంతో ఉన్నాయి మరి. ఆ దారిన పోతున్న మంత్రిగారు కారు ఆపి పుర్రెను చూశారు. వారి చూపు సామాన్యమైనది కాదు.

"తిమింగలం!" అన్నారు.

"మా బర్రె దొరా. మా నాయిన ఉన్నప్పుడు బాయిల పడి సచ్చింది. గందుకే గీ బాయి పూడ్చిన్రు," అన్నాడు బీరప్ప.

పామరుల మాటకు సైన్సు ఆగదు కదా. హైదరాబాదు నుంచి ఒక లెక్చరర్ దిగారు. తొలినాటి తిమింగలాలకు ముందుపళ్లు వేరు, దవడపళ్లు వేరు అన్నారు. అవి కొరికి, చీల్చి తినేవట. తర్వాత వచ్చిన చాలా జాతులకు పళ్లన్నీ ఒకే తీరుగా మారి, నమలకుండా మింగడం అలవడిందట.

"అదే ప్రగతి," అన్నారు మంత్రిగారు.

"దీనికి పై దవడకు ముందుపళ్లు లేవు చూశారా? కింది పళ్లతోనే బతికే తిమింగలాలు ఇప్పటికీ ఉన్నాయి," అన్నారు లెక్చరర్.

"ఏ బర్రెకన్న మీది దవడకు ముందు పండ్లుంటయా దొరా? మరి గీ కొమ్ములో?" అన్నాడు బీరప్ప.

లెక్చరర్ కొమ్ములను టేపుతో కొలిచారు. "వైవిధ్యం," అన్నారు.

కొమ్ముల తిమింగలానికి మంత్రిగారి పేరు పెట్టారు. ఇక అది బర్రె కావడానికి వీల్లేకపోయింది.

బావి చుట్టూ ముళ్లకంచె లేచింది. పని ఆగింది. ఐలేశం అనే కావలివాడు వచ్చాడు. బీరప్ప తాసిల్దారు దగ్గరికి పోతే వార్త కోసం నేనూ వెంట పోయాను.

"గొర్లు సస్తున్నయ్ దొరా. నిన్న నాలుగు పోయినయ్. బాయినన్న తవ్వుకోనియ్యుండ్రి, కరువు సాయమన్న ఇయ్యుండ్రి."

తాసిల్దారు ఫైలు తిరగేసి జాలిగా చూశాడు. "మీ ఊరు కరువు లిస్టులో లేదయ్యా. చేపల డిపార్టుమెంటుకు మార్చారు. మళ్లీ చేర్చాలంటే వచ్చే ఏడాదే. వలలు కావాలంటే అర్జీ పెట్టుకో."

బీరప్ప ఆఫీసు మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. అదంతా నోటుపుస్తకంలో రాసుకున్నాను. వార్తలో మాత్రం రాయలేదు, చోటు చాలలేదు.

ఇంతలో ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నట్టు తంతి అందింది. తిమింగలాన్ని ఎండలో చూపిస్తే పరువేం కావాలి? పుర్రెను బావిలోకి దించి, రోజుకు రెండు లారీల నీళ్లు పోయాలని ఆర్డరు వేశారు. మొదటి లారీ వచ్చిన పూట ఐలేశం కంచె తలుపు తీసి, అటు తిరిగి నిలబడ్డాడు. బీరప్ప భార్య రామమ్మ నీళ్లు చేది పోసింది. గొర్రెలు కడుపునిండా తాగాయి. మర్నాటి నుంచి ఊరంతా బిందెలతో వచ్చింది.

ఆఫీసరు తెలివైనవాడు. పుర్రెను పైకి తీయించి, కొమ్ములు పట్టుకుని చూశాడు. మంత్రిగారిని చూశాడు. చివరికి బీరప్పను పిలిచాడు. ఆయన మాటను తాసిల్దారు తెలుగు చేశాడు.

"నువ్వే కదా తీసింది. భయపడకు. బర్రె అయితే ఈ కంచె, లారీలు అన్నీ ఇవాళే ఎత్తేయిస్తారు. నిజం చెప్పు, ఇదేమిటి?"

మంత్రిగారు చెమట తుడుచుకున్నారు. బీరప్ప గొర్రెల వైపు చూశాడు, బిందె పట్టుకుని నిలబడ్డ రామమ్మ వైపు చూశాడు.

"తిమింగలమే దొరా," అన్నాడు. "ఊళ్లె ఎండిన బాయిలు ఇంక ఏడు ఉన్నయ్. ఆ ఏడు బాయిలల్ల గీ తిమింగలాలే ఉన్నయ్. జర జల్ది నీళ్లు పోయించుండ్రి, ఇంక పానంతోనే ఉన్నయ్."