తీసేసినవాణ్ణి తీసేయడం

మంగళవారం పొద్దున రుషికొండలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ తారకేశ్వర్‌ను డిలీట్ చేసింది గానీ, ఆ సంగతి గిట్‌కు చెప్పడం మరిచిపోయింది. ఆఫీసులో ఏ ఫైలుంది, ఏ మనిషున్నాడు అని కనిపెట్టుకుని ఉండేది గిట్. దాని దృష్టిలో తారకేశ్వర్ కనబడడం లేదంతే, పోలేదు.

ఆ టీమ్‌కో ఆచారం ఉంది. ఏ పని మొదలెట్టినా ముందు ‘రీస్టోర్’ కొడతారు. పొరపాటున పోయినవన్నీ తిరిగొస్తాయి. మధ్యాహ్నానికల్లా తారకేశ్వర్ కూడా తన కుర్చీలోకి తిరిగొచ్చాడు, మెడలో కార్డుతో సహా. హెచ్.ఆర్. హైమావతి మేడం మళ్లీ డిలీట్ చేసింది. మళ్లీ వచ్చాడు. ఆవిడకేం విసుగు లేదు, అది ఆవిడ ఉద్యోగం. విసుగంతా తారకేశ్వర్‌దే. సోమవారం అతను ఇంకో కంపెనీలో చేరాలి. ఇక్కడ పేరు పూర్తిగా పోతేగానీ చేర్చుకోమని వాళ్లు తెగేసి చెప్పారు.

“గిట్‌లోంచి నీ పేరు తీసీసే కమాండేదో నువ్వే కొట్టీవచ్చు కదేటి గురూ?” అన్నాడు శుక్రవారం పక్క సీటు పైడిరాజు.

“నేనుంటే పోయినోళ్ల లిస్టులో నా పేరు రాదురా. మేడం నన్ను తీసీగానే, డిలీటైపోయినోళ్లెవరో గిట్‌ని అడుగు. ఆ లిస్టంతా అలాగే, పేర్లు కొట్టీసే ‘గిట్ ఆర్ఎమ్’ కమాండ్‌కి అప్పచెప్పీ.”

“అలవాటుకొద్దీ రీస్టోర్ కొట్టీస్తేనో?”

“మళ్లీ వచ్చి నీ బుర్ర తింటాను.”

మేడం వచ్చి వెళ్లింది. పైడిరాజు పళ్లు బిగించి లిస్టు అడిగాడు. రెండు పాత ఫైళ్లు, టీ మెషీను, తారకేశ్వర్. ఇన్నేళ్లు పక్కన కూర్చున్న మనిషి. ఏడుపొచ్చింది. అయినా ఎంటర్ కొట్టాడు. ఎందుకు తీసేశారో ఒక ముక్క రాయమంది గిట్. ‘ఇక అక్కర్లేదు’ అని రాశాడు. అందరూ అదే రాస్తారు.

సోమవారం తారకేశ్వర్ కొత్త కంపెనీలో చేరాడు. బుధవారం పాత కంపెనీ యాప్ ఆగిపోయింది. అది రాసింది అతనే. గిట్ తీసేసినవాటిని కూడా చరిత్రలో దాచిపెడుతుంది కాబట్టి ఎవరూ కంగారుపడలేదు. మేడం చెప్పింది, పైడిరాజు పాత తేదీ చూసి బయటికి లాగాడు. తారకేశ్వర్ పెరుగన్నం చేత్తోనే కుర్చీలో ప్రత్యక్షమయ్యాడు. అటూ ఇటూ చూసి, చెయ్యి కడుక్కొచ్చి, తప్పు సరిచేశాడు.

“ఏటనుకోకు గురూ,” అన్నాడు పైడిరాజు తల దించుకుని.

“అనుకోడానికేటుందిరా? అక్కడ నా సీట్లో ఇదివరకున్నాయన్ని కూడా ఇలాగే లాగుతున్నారు. రేపట్నించి నన్ను రెండింటికి లాగు. ఆ టైముకి అక్కడ ఆయనకి నా కుర్చీ కావాలి.”