ఖైసర్ బేగం ఇంట్లో అంతా ఖైరియతే

యాకుత్‌పురా మురుగు నాలా పక్కనున్న రేకుల ఇంట్లో ఖైసర్ బేగం ఆ ఉదయం అనుకున్న పని ఒక్కటే. వాన తెరిపివ్వగానే కోడలు నుజహత్‌నూ, నెలల పిల్ల ఆఫియానూ జల్‌పల్లిలో కోడలి పుట్టింటికి పంపాలి. వాన తెరిపివ్వలేదు సరికదా, చాయ్ తాగేలోపే నాలా గడప దాటి లోపలికొచ్చింది.

నుజహత్ పిల్లను చంకనేసుకుంది. ఎక్కడానికి మేడ లేదు, భర్త పనిమీద ఊరెళ్ళాడు. ఇంట్లోకి నీళ్ళొస్తే ఫొటో పంపండి, ఫోన్ చేసి కనుక్కుని పడవ పంపుతామని కంట్రోల్ రూమ్ నుంచి పొద్దున్నే అందరికీ మెసేజ్ వచ్చింది. నుజహత్ ఫొటో పంపింది. వెంటనే ఫోన్ మోగింది. పెద్దవాళ్ళుండగా కోడలు ఫోనెత్తే అలవాటు ఆ ఇంట్లో లేదు. అత్తగారే ఎత్తింది.

"అమ్మా, కంట్రోల్ రూమ్ నుంచి మాన్యను మాట్లాడుతున్న. ఎట్లున్నరు?"

"అల్లా దయ బేటీ, అంతా ఖైరియత్. నీ నాష్తా అయ్యిందా?"

ఎట్లున్నారని అడిగితే ఖైసర్ బేగం బుద్ధెరిగాక వేరే జవాబు చెప్పి ఎరగదు. కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడూ ఇదే చెప్పింది.

"నీళ్ళు మస్తుగున్నయా?"

"జరంత. గవే పోతయ్. మాకోసం తక్లీఫ్ పడకు."

మాన్య కంట్రోల్ రూమ్ మ్యాప్‌లో ఆ ఇంటిమీద, సేఫ్ అని తెలిపే పచ్చ చుక్క పెట్టేసింది. ఖైసర్ బేగం ఫోన్ కొంగున ముడేసుకుంది.

"అమ్మీ, మోకాళ్ళదాకా వచ్చినయ్! పిల్లకేమన్న అయితే?" నుజహత్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఏం గాదు. ఫోన్ల మాట్లాడే పరాయి పిల్ల ముందర మన లొల్లి చెప్పుకుంటమా? పడవ కష్టంల ఉన్నోళ్ళకు పోనీ."

ఆ మ్యాప్ గల్లీలో అందరి ఫోన్లలోనూ కనిపిస్తోంది. చుట్టూ పడవ కోసం చూస్తున్న ఇళ్ళ ఎర్ర చుక్కలు, మధ్యలో ఒకే ఒక్క పచ్చ చుక్క. ముందుగా టైలర్ సీతారాం, భార్య యశోద నెత్తిన మిక్సీ పెట్టుకుని ఈదినంత పనిచేసి వచ్చారు. వాళ్ళ వెనకే సగం గల్లీ వచ్చింది.

"బేగం సాబ్, మీ ఇల్లు సేఫ్ అని చూపిస్తుంది!"

"ఆయియే, ఆయియే! తఖ్త్ మీద కూసోండ్రి."

సీతారాం తొడల దాకా ఉన్న నీళ్ళను చూసి గల్లీవాళ్ళ వైపు తిరిగాడు. "సేఫ్ ఉన్న ఇల్లే గిట్లుంటే, ఎర్ర చుక్కల తాన ఎట్లున్నదో! ఎవరూ బయటికి పోకుండ్రి." ఎవరూ కదల్లేదు.

నీళ్ళు మాత్రం పైకి కదులుతూనే ఉన్నాయి. నుజహత్ ఆ చెక్క తఖ్త్ మీద నిలబడి పిల్లను భుజానికెత్తుకుంది. అత్తగారు తఖ్త్ మీదే పెట్టిన ఇనప ట్రంకు మీదికి పొయ్యి ఎక్కించి వచ్చినవాళ్ళకు చాయ్ కాస్తోంది. ఉన్నట్టుండి ఆవిడ ముఖం పాలిపోయింది. అంత భయం ఆ ముఖంలో నుజహత్ ఎన్నడూ చూడలేదు. ఆవిడే కొంగుముడి విప్పి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసింది.

"బేటీ, మా ఇజ్జత్ పోయింది! ఇంటినిండ మెహమాన్లున్నరు. గూట్ల చక్కెర మొత్తం నీళ్ళల్ల కరిగిపోయింది. జర్ర చక్కెర పంపిస్తవా?"

"గూట్లకు నీళ్ళొచ్చినయా? గూడు ఎంత ఎత్తుల ఉందమ్మా?"

"నా నడుముకు జరంత మీద."

అవతల కుర్చీ పడిన చప్పుడు, "పడవ! పడవ!" అన్న కేక వినిపించాయి.

పడవ వచ్చింది. ముందు ఆఫియాను, తర్వాత అందరినీ ఎక్కించుకుంది. పిల్లను గుండెలకు హత్తుకుని నుజహత్ వెక్కి వెక్కి ఏడ్చింది. పడవవాడు జాలిపడి, "ఎట్లున్నరమ్మా?" అనడిగాడు.

"అంతా ఖైరియత్ బేటా" అంది అత్తగారు, కొంగు పిండుకుంటూ.

ఆ తర్వాతి వానకు కంట్రోల్ రూమ్ వాళ్ళు యాకుత్‌పురాలో ఎవరినీ ఎట్లున్నారని అడగలేదు. చక్కెర తడిసిందా అని అడిగారు.